మూడు నిమిషాల గంట

అరండల్‌పేట, ఏడో లైను,
జెరాక్సు షాపు పైన రీడింగ్ రూము.
ఆదివారం సాయంత్రం యుద్ధం మీద చర్చ.
మనిషికి మూడు నిమిషాలు.
గంట కొట్టడం నా వంతు,
నోరు తక్కువ పిల్లనని నాకిచ్చారు.
గంటంటే గంటా కాదు,
చెక్కముక్కకి బిగించిన పాత సైకిల్ బెల్లు.

యుద్ధం గోడమీది పటంలో జానెడు దూరం.
ఆ ఊళ్ళ పేర్లకి మాలో ఎవరికీ నోరు తిరగదు.
అయినా ఎవరెలా పలికారన్నదాన్ని బట్టి
ఎవరెటువైపో పక్కవాళ్ళు పసిగట్టేస్తారు.

ముందు పానకాలరావు గారు, మిర్చి కమీషన్ వ్యాపారి.
ఓడరేవులో ఆగిన కంటైనర్లతో మొదలెట్టి
తేజా రకం ధరమీదుగా నడిచి
చివరికి ఒక జెండా నీడలో కుర్చీ వేసుకున్నారు.
గంట.
తర్వాత విమలాకరం మాస్టారు, ఫిజిక్సు.
క్షిపణి ఎంత ఎత్తున వంపు తిరుగుతుందో
బోర్డు మీద గీసి చూపించారు.
గీత ప్రతిసారీ కుడినుంచి ఎడమకే పోయింది.
"ఇటునుంచి అటు కూడా ఒకటి గీయండి సార్" అన్నారెవరో.
సుద్దముక్క విరిగింది.

ఇక అందరూ ఒకేసారి.
నీ పేపరు వాళ్ళది, నీ టీవీ వీళ్ళది,
పోయినసారి వాళ్ళు చచ్చినప్పుడు
నీ నోట్లో ఏముంది, వక్కపొడా?
చిట్టా తీసి
శవాల్ని పద్దుల్లా ఒకరి ముందొకరు చదివారు.
ఒకాయన నా ఇంటిపేరు అడిగాడు,
ఆ యుద్ధంలో నేనెటో తేల్చడానికి.

అప్పుడు లేచారు ఎలీషమ్మ గారు.
పెద్దాసుపత్రి, కాలిన గాయాల వార్డు, ఇరవై రెండేళ్ళు.
గాజుగుడ్డ గురించి చెప్పారు, దోమతెర గురించి చెప్పారు.
"పిల్లాడికి సెలైను పెట్టాలంటే
నరం దొరకదండీ" అన్నారు.
"చర్మం..." అని ఆగారు.

ఫాను రెక్క ఒకటి వంకర, టక్కు టక్కుమంటోంది.
కింద బజ్జీలబండి మీద నూనె చుయ్యిమంది.
నా వేలు బెల్లు మీదే ఉంది.
మూడు నిమిషాలు దాటిపోయాయి.
"పాదం మీద దొరికింది" అని
ఆవిడ కూర్చున్నారు.

గది మళ్ళీ రెండుగా చీలింది.
ఆ పిల్లాడు అవతలి దేశం వాడని ఇటువాళ్ళు,
ఇవతలి దేశం వాడని అటువాళ్ళు.
ఆవిడకి సమయం ఎక్కువిచ్చానని మాత్రం
అందరూ కలిసి నామీదే.

మెట్ల దగ్గర నేనే అడిగాను,
ఏ దేశం పిల్లాడండీ అని.
"పాత గుంటూరు" అన్నారు చెప్పులు వెతుక్కుంటూ.
"స్టవ్వు పేలింది."

ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను.
మాస్టారు: మూడు నిమిషాల రెండు సెకన్లు.
ఎలీషమ్మ గారు: మూడు నిమిషాల యాభై.
నిజమే.
ఆవిడ మాట్లాడలేని సేపు
లెక్కలో కలపబుద్ధి కాలేదు.
ఆ నింద నాది, ఉంచుకుంటాను.

ఇంకొకటుంది, ఎవరూ పట్టుకోనిది.
పానకాలరావు గారు: రెండు నిమిషాల నలభై.
ఆయన ఏ జెండా కింద కూర్చున్నా
నాకు పట్టలేదు, ఒట్టు.
నాకు తెలిసింది ఆయన కాటా.
ప్రత్తిపాడునుంచి నాన్న కాయలు తెచ్చిన ఏడాది
తేమ అన్నారు, తాలు అన్నారు,
టిక్కీకి కిలోన్నర తరుగు తీశారు.
నాన్న ఏమీ అనలేదు.
నేను ఖాళీ గోతాల మీద కూర్చుని
ఘాటుకి తుమ్ముతున్నాను.

ఇరవై సెకన్లు.
తరుగు.

రెండు వైపులా తిట్టారు కాబట్టి
మధ్యలో ఉన్నట్టేనని
వచ్చే ఆదివారం కూడా గంట నాకే ఇచ్చారు.
బెల్లు కాస్త పట్టేస్తోంది.
కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి
గుడ్డతో తుడుస్తున్నాను.